జట్టు కట్టడం నేర్పిన మరంగ్ గోమ్కే – జైపాల్ సింగ్ ముండా

మన జాతి వీరుల పేర్లు చెప్పమంటే మా హాస్టల్ పిల్లలు కొమురం భీం, బిర్సా ముండా, గంటం దొర, మల్లు దొర అని టకటకా చెబుతారు. జైపాల్ సింగ్ ముండా పేరు మాత్రం పదిమందిలో ఒకరు కూడా చెప్పరు. మన దేశానికి ఒలింపిక్స్‌లో మొట్టమొదటి బంగారు పతకం తెచ్చిన హాకీ జట్టుకు కెప్టెన్ ఒక ఆదివాసీ అని చెబితే నోరు తెరిచి చూస్తారు. ఆయనే తర్వాత రాజ్యాంగ సభలో మనందరి తరఫున నిలబడి మాట్లాడారని చెబితే ఇంకా ఆశ్చర్యపోతారు. అందుకే ఈ సంచికలో ఆయన కథ రాస్తున్నాను.

ఇంకో కారణం కూడా ఉంది. కొన్నేళ్ళ కిందట మా హాస్టల్లో కబడ్డీ ఆడుతుండగా ఒక గూడెం పిల్లలకూ ఒక తండా పిల్లలకూ మాట మాట పెరిగింది. గీత తొక్కిందా లేదా అన్న దగ్గర మొదలై జుట్లు పట్టుకునే దాకా వెళ్ళింది. ఆ రాత్రి అన్నాల దగ్గర రెండు వరుసలుగా విడిపోయి కూర్చున్నారు. నేను కోపంతో ఆటలు బంద్ పెట్టాను. నెల రోజులు గ్రౌండు ఖాళీగా ఉంది. గొడవ ఆగలేదు సరికదా, గదుల్లోకి వచ్చింది. ట్రంకు పెట్టెలు జరుపుకుని ఎవరి మూల వాళ్ళు చూసుకున్నారు. ఆట ఆపితే తగవు ఆగుతుందనుకోవడం నా పొరపాటు. ఆ రోజుల్లోనే జైపాల్ సింగ్ గారి జీవితం గురించి చదివాను. నాకు దారి చూపించింది ఆ చదువే.

టక్రా నుంచి ఆక్స్‌ఫర్డ్ దాకా

జైపాల్ సింగ్ 1903 జనవరి 3న ఇప్పటి జార్ఖండ్ రాష్ట్రంలోని ఖూంటీ ప్రాంతంలో, టక్రా పహాన్‌టోలీ అనే ముండా పల్లెలో పుట్టారు. అప్పటికి బిర్సా ముండా రాంచీ జైల్లో చనిపోయి మూడేళ్ళు కూడా నిండలేదు. ఆ కొండల్లో ఉల్గులాన్ గాయాలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. తండ్రి అమ్రూ పహాన్. పహాన్ అంటే ఊరి పూజారి, మన గూడేల్లో పూజలు చేసే పెద్ద లాంటివాడు. జైపాల్‌కు చిన్నప్పటి పేరు ప్రమోద్ పహాన్ అని చెబుతారు. అందరు పిల్లల్లాగే పశువులు కాస్తూ పెరిగాడు.

ఊరి చదువు అయ్యాక రాంచీలోని సెయింట్ పాల్స్ స్కూల్లో చేరాడు. అది మిషనరీల బడి. చదువులోనూ ఆటలోనూ చురుగ్గా ఉన్న ఈ కుర్రవాణ్ణి ఆ బడి ప్రిన్సిపాల్ కేనన్ కాస్‌గ్రేవ్ గమనించారు. 1918లో తనతో పాటు ఇంగ్లండ్ తీసుకువెళ్ళారు. పదిహేనేళ్ళ వయసు, తెలియని దేశం, తెలియని చలి. ఇంటి నుంచి నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న హాస్టల్‌కు వచ్చి మొదటి వారం వెక్కి వెక్కి ఏడ్చే మన పిల్లల్ని చూసినప్పుడల్లా నాకు ఆ ప్రయాణం గుర్తొస్తుంది.

1922లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని సెయింట్ జాన్స్ కాలేజీలో చేరి, ఆర్థికశాస్త్రంలో ఆనర్స్ పట్టా పొందారు. అక్కడే హాకీలో పేరు తెచ్చుకున్నారు. ఆయన ఆడింది ఫుల్‌బ్యాక్ స్థానంలో. అంటే గోల్ కీపర్‌కు ముందు నిలబడి, దూసుకువచ్చే ఎదుటి జట్టును ఆపడం. గోల్ కొట్టినవాడి పేరు అందరికీ గుర్తుంటుంది, ఆపినవాడి పేరు జట్టుకే తెలుస్తుంది. అయినా ఆయన ఆటకు ఆక్స్‌ఫర్డ్ బ్లూ గౌరవం దక్కింది. కేంబ్రిడ్జితో జరిగే పోటీలో విశ్వవిద్యాలయం తరఫున ఆడినవారికి ఇచ్చే గౌరవమది. హాకీలో దాన్ని అందుకున్న తొలి భారతీయ విద్యార్థి ఆయనే అంటారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. అప్పుడు మన దేశాన్ని ఏలుతున్నది ఆంగ్లేయులు. ఆ పాలకుల బిడ్డలే ఆక్స్‌ఫర్డ్‌లో చదువుతున్నారు. ఛోటానాగ్‌పూర్ అడవి పిల్లవాడు వాళ్ళతో ఒకే మైదానంలో, ఒకే నియమానికి కట్టుబడి ఆడాడు. బయట ఎవరు దొర, ఎవరు బానిస అన్న లెక్క ఉండవచ్చు. విజిల్ మోగిన తర్వాత బంతికి ఆ లెక్క తెలియదు. కలిసి ఆడినవాళ్ళు ఒకరి సత్తా ఒకరు కళ్ళారా చూస్తారు. గౌరవం అక్కడ మొదలవుతుంది.

ఉద్యోగమా, జట్టా?

చదువు తర్వాత జైపాల్ సింగ్ ఐసీఎస్‌కు ఎంపికయ్యారు. ఇప్పటి ఐఏఎస్ కంటే పెద్ద హోదా అది. అందులోకి భారతీయులు వెళ్ళడమే అరుదు, ఆదివాసీ వెళ్ళడం ఊహకు అందని మాట. ఇంగ్లండ్‌లో శిక్షణలో ఉండగా 1928 ఆమ్‌స్టర్‌డాం ఒలింపిక్స్‌కు వెళ్ళే భారత హాకీ జట్టుకు కెప్టెన్‌గా పిలుపు వచ్చింది. సెలవు అడిగారు. పై అధికారులు ఇవ్వలేదు. ఒకవైపు జీవితాంతం కుర్చీ, జీతం, హోదా. ఇంకోవైపు కొన్ని వారాల ఆట. ఆయన జట్టు వైపే వెళ్ళారు.

తిరిగి వచ్చాక శిక్షణ ఇంకో ఏడాది చేయాలన్నారు. తాను తప్పు చేశానని ఒప్పుకుని శిక్ష అనుభవించడం ఆయనకు నచ్చలేదు. ఐసీఎస్ వదులుకున్నారు. పిల్లలూ, దీన్ని చదివి ఉద్యోగాలు వదిలేయమని నేను చెప్పడం లేదు. గ్రూప్స్‌కు, డీఎస్సీకి కష్టపడుతున్న మీ మీద మీ ఇల్లు ఎంత ఆశ పెట్టుకుందో నాకు తెలుసు. తనను నమ్మి ఎదురుచూస్తున్న పదిమందిని వదిలి వెళ్ళకపోవడం అంటే ఏమిటో చూడమంటున్నాను.

ఆమ్‌స్టర్‌డాం, 1928

ఆ జట్టు ఎలాంటిదో తెలుసుకుంటే మీకు ముచ్చట వేస్తుంది. గోల్ కీపర్ రిచర్డ్ అలెన్ ఆంగ్లో ఇండియన్. జట్టులో ఎక్కువమంది వాళ్ళే. ఫిరోజ్ ఖాన్, షౌకత్ అలీ ముస్లింలు. కేహర్ సింగ్ గిల్ సిక్కు. ధ్యాన్‌చంద్ సైన్యంలో చిన్న ఉద్యోగి. వీళ్ళందరికీ కెప్టెన్ ఒక ముండా. దేశంలో మతాల పేరుతో కొట్లాటలు జరుగుతున్న కాలమది. అలాంటప్పుడు వేర్వేరు దేవుళ్ళకు మొక్కేవాళ్ళు, వేర్వేరు భాషలు మాట్లాడేవాళ్ళు, వేర్వేరు తిండ్లు తినేవాళ్ళు ఒకే చొక్కా వేసుకుని ఒకరికొకరు బంతి అందించుకున్నారు.

మిగతా ఆటగాళ్ళు బొంబాయి నుంచి ఓడ ఎక్కి వచ్చారు. జైపాల్ ఇంగ్లండ్‌లోనే వాళ్ళను కలుసుకున్నారు. ఒలింపిక్స్‌లో ఆస్ట్రియా మీద 6-0, బెల్జియం మీద 9-0, డెన్మార్క్ మీద 5-0, స్విట్జర్లాండ్ మీద 6-0 తేడాతో గెలిచారు. మే 26న ఫైనల్లో నెదర్లాండ్స్ మీద 3-0. ఐదు ఆటల్లో 29 గోల్స్ కొట్టారు, ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. ఆ 29లో 14 గోల్స్ ధ్యాన్‌చంద్‌వే. అక్కడి నుంచి 1956 దాకా ఒలింపిక్ హాకీలో వరసగా ఆరు బంగారు పతకాలు మన దేశానివే. ఆ వరుసకు మొదటి మెట్టు జైపాల్ సింగ్ జట్టు.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఫైనల్లో జైపాల్ సింగ్ ఆడలేదు. జట్టు నిర్వహణలో వచ్చిన విభేదాల వల్ల ఆయన అంతకు ముందే జట్టు నుంచి తప్పుకున్నారు. ఫైనల్లో పినిగర్ నాయకత్వం వహించారు. అంత గొప్ప జట్టులోనూ మనసులు నొచ్చుకున్నాయి. ఆ నొప్పి మైదానంలోకి రాలేదు. కెప్టెన్ లేకపోయినా జట్టు చెదరలేదు, ఆట చెడలేదు. జట్టు ఒక మనిషి మీద ఆధారపడి నిలబడకూడదని కూడా ఇక్కడ నేర్చుకోవచ్చు.

ఊళ్ళు తిరిగి ఇంటికి

ఐసీఎస్ వదిలాక ఆయన కలకత్తాలో బర్మా షెల్ కంపెనీలో పనిచేశారు. మోహన్ బగాన్ క్లబ్బు హాకీ జట్టును నడిపించారు. 1934లో ఆఫ్రికాలోని గోల్డ్ కోస్ట్, అంటే ఇప్పటి ఘనాకు వెళ్ళి ఆచిమోటా కాలేజీలో ఉపాధ్యాయుడిగా ఉన్నారు. 1937లో తిరిగి వచ్చి రాయ్‌పూర్‌లోని రాజ్‌కుమార్ కాలేజీలో పనిచేశారు. తర్వాత బికనేర్ సంస్థానంలో పెద్ద ఉద్యోగం. సుఖంగా బతకడానికి కావలసినవన్నీ ఉన్నాయి. కానీ ఇంటి దగ్గర ఆయన ప్రజలు చీలిపోయి ఉన్నారు.

ఛోటానాగ్‌పూర్‌లో ముండా, ఉరావ్, హో, ఖడియా, సంతాల్ తెగలు ఉన్నాయి. ఒక్కొక్కరిది ఒక్కో భాష. దాని మీద మతాల గీతలు పడ్డాయి. లూథరన్, ఆంగ్లికన్, కేథలిక్ మిషన్లు వేర్వేరు. పాత సర్నా మతం పాటించేవాళ్ళు వేరు. 1915 నుంచి ఉన్న ఛోటానాగ్‌పూర్ ఉన్నతి సమాజ్ ఒకవైపు, కిసాన్ సభ ఒకవైపు, కేథలిక్ సభ ఇంకోవైపు. అందరి భూమి ఒకే తీరుగా పోతోంది, అందరినీ ఒకే వడ్డీ వ్యాపారి పిండుతున్నాడు. అయినా ఎవరి జెండా వాళ్ళదే. 1938లో ఈ సంఘాలు ఒక్కటై ఆదివాసీ సభగా ఏర్పడ్డాయి. అదే ఆదివాసీ మహాసభ అయింది. 1939 జనవరిలో రాంచీలో జరిగిన సమావేశానికి జైపాల్ సింగ్‌ను అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు.

ఊళ్ళ నుంచి వేలమంది కాలినడకన ఆ సభకు వచ్చారు. స్త్రీలు కూడా పెద్ద సంఖ్యలో వచ్చారు. ముండాల నాయకుడిగానో ఒక మిషన్ మనిషిగానో ఆయన మాట్లాడలేదు. అందరినీ కలిపి ఆదివాసీ అన్న ఒకే పేరుతో పిలిచారు. ఆంగ్లో ఇండియన్‌నూ సిక్కునూ ముస్లింనూ ఒక జట్టుగా నడిపిన మనిషికి ముండాను, ఉరావ్‌ను, సంతాల్‌ను ఒక జట్టు చేయడం కొత్త పని కాదని నాకనిపిస్తుంది. ప్రజలు ఆయనను మరంగ్ గోమ్కే అన్నారు. అంటే పెద్ద నాయకుడు.

రాజ్యాంగ సభలో మన గొంతు

1946లో ఆయన రాజ్యాంగ సభ సభ్యులయ్యారు. ఆ ఏడాది డిసెంబరు 19న లక్ష్యాల తీర్మానం మీద మాట్లాడారు. మనల్ని తక్కువ చేస్తూ వాడే అడవి మనిషి అన్న మాటను సిగ్గుపడకుండా తన మీద వేసుకున్నారు. ఆదివాసులకు ప్రజాస్వామ్యం నేర్పించాల్సిన పని లేదని, అది వాళ్ళ దగ్గరే నేర్చుకోవాలని సభకు చెప్పారు. వేల ఏళ్ళుగా తన జనం దోపిడీకీ వెళ్ళగొట్టడానికీ గురయ్యారని గుర్తుచేస్తూనే, అందరికీ సమాన అవకాశం ఉండే కొత్త భారతాన్ని నమ్ముతున్నానన్నారు. కోపం ఉంది, పగ లేదు. ఆ తేడా మన యువకులు గమనించాలి.

సలహా సంఘంలో ఒక్క ఆదివాసీ స్త్రీ పేరు కూడా లేదని ఎత్తిచూపింది ఆయనే. మద్యనిషేధం గురించి చర్చ వచ్చినప్పుడు మన పూజల్లో, పండుగల్లో బియ్యపు కల్లుకు ఉన్న స్థానం గురించి మాట్లాడిందీ ఆయనే. ఆదివాసీ అన్న మాటే కావాలని పట్టుబట్టారు. ఐదో షెడ్యూలు చర్చలో గిరిజన సలహా మండలికి నిజమైన అధికారం ఉండాలని వాదించారు. మన ఆదిలాబాద్, ములుగు, భద్రాచలం, పాడేరు, పార్వతీపురం ఏజెన్సీ ప్రాంతాలు ఆ ఐదో షెడ్యూలు కిందికే వస్తాయి. ఖూంటీ అడవుల్లో పుట్టిన మనిషి చేసిన వాదన మన గూడెం భూమి దాకా వచ్చిందన్నమాట.

గెలుపులు, ఓటములు

1948 జనవరి 1న ఖర్సావాఁలో పెద్ద విషాదం జరిగింది. ఆ సంస్థానాన్ని ఒడిశాలో కలపడాన్ని వ్యతిరేకిస్తూ ఆదివాసులు సంతకు, సభకు వచ్చారు. జైపాల్ సింగ్ వచ్చి మాట్లాడతారని ఎదురుచూశారు. ఆయన ఆ రోజు చేరుకోలేకపోయారు. పోలీసులు కాల్పులు జరిపారు. చాలామంది ప్రాణాలు కోల్పోయారు. జార్ఖండ్‌లో ఈనాటికీ కొత్త సంవత్సరం మొదటి రోజున వాళ్ళకు నివాళి అర్పిస్తారు. అంత దెబ్బ తగిలాక కూడా ఆయన ఎంచుకున్న దారి ఓటు, సభ, చట్టం. యువకులను ఆయుధాల వైపు నడపలేదు.

1950లో జార్ఖండ్ పార్టీ పెట్టారు. ఎన్నికల గుర్తు కోడిపుంజు. 1952 ఎన్నికల్లో ఆ పార్టీ బీహార్ శాసనసభలో ముఖ్య ప్రతిపక్షంగా నిలిచింది. ఆయన లోక్‌సభకు ఎన్నికై చివరి దాకా సభ్యుడిగా కొనసాగారు. కానీ ప్రత్యేక రాష్ట్రం రాలేదు. 1955లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ కమిషన్ ఆ కోరికను ఒప్పుకోలేదు. పార్టీ బలం తగ్గింది. 1963లో ఆయన పార్టీని కాంగ్రెస్‌లో కలిపేశారు. తనను నమ్మినవాళ్ళలో చాలామందికి అది గుచ్చుకుంది. తాము కట్టుకున్న జట్టును కెప్టెనే విడగొట్టాడని బాధపడ్డారు. ఆ బాధలో న్యాయం ఉంది. పెద్దవాళ్ళ జీవితంలో మంచినే ఏరి చెబితే మీరు వాళ్ళను దేవుళ్ళను చేసి దండం పెట్టి పక్కన పెడతారు. తప్పులతో సహా తెలిస్తేనే దగ్గరవుతారు.

1970 మార్చి 20న ఢిల్లీలో ఆయన కన్నుమూశారు. ముప్ఫై ఏళ్ళ తర్వాత, 2000 నవంబరు 15న, బిర్సా ముండా జయంతి రోజున జార్ఖండ్ రాష్ట్రం ఏర్పడింది. రాంచీలో ఆయన పేరుతో స్టేడియం ఉంది. విదేశాల్లో పెద్ద చదువులు చదివే గిరిజన విద్యార్థులకు జార్ఖండ్ ప్రభుత్వం ఆయన పేరుతోనే ఉపకారవేతనం ఇస్తోంది.

ఆ నేలలో ఆట ఇంకా బతికే ఉంది

ఆయన పుట్టిన ప్రాంతంలో, పక్కనున్న సిమ్‌డేగాలో, ఒడిశాలోని సుందర్‌గఢ్‌లో హాకీ అంటే ఇంటి ఆట. కొనే స్తోమత లేకపోతే పిల్లలు వెదురు కర్రలు వంచుకుని ఆడతారు. అక్కడి ఊళ్ళ పోటీలను ఖస్సీ టోర్నమెంట్లు అంటారు. కప్పు బదులు మేకపోతు బహుమతి. గెలిచిన దాన్ని అందరూ కలిసి వండుకుని తింటారు. ఆ నేల నుంచే మైఖేల్ కిండో, దిలీప్ తిర్కీ, సుమ్రాయ్ టేటే, అసుంతా లక్రా, ఇప్పుడు నిక్కీ ప్రధాన్, సలీమా టేటే వచ్చారు. నిక్కీది ఖూంటీ ప్రాంతమే. టోక్యో ఒలింపిక్స్‌లో మన అమ్మాయిల జట్టు నాలుగో స్థానం దాకా వెళ్ళినప్పుడు నిక్కీ, సలీమా ఇద్దరూ ఆ జట్టులో ఉన్నారు.

మన దగ్గర కూడా పండుగలకు, జాతరలకు వాలీబాల్, కబడ్డీ పోటీలు పెడతాం. మంచిదే. కానీ వాటిలో ఎన్ని కొట్లాటలతో ముగుస్తున్నాయో మీకూ తెలుసు. ఊరికి ఒక జట్టు, తెగకు ఒక జట్టు అని కడతాం. ఓడిపోతే ఊరు పరువు పోయిందంటాం. ఒక పాయింటు దగ్గర మొదలైన తగవు పెళ్ళి సంబంధాల దాకా, పొలం గట్ల దాకా పాకుతుంది. మనలో మనం కొట్టుకుంటున్నప్పుడు మన భూమి మీద కన్నేసినవాడు నిశ్చింతగా ఉంటాడు.

మా హాస్టల్లో నేను చేసింది చిన్న పని. బంతి, మ్యాటు మళ్ళీ బయటికి తీశాను. అందరి పేర్లు చీటీల మీద రాసి, డబ్బాలో వేసి తీయించాను. ఏ జట్టులో ఎవరుంటారో చీటీయే చెబుతుంది. గూడెం పిల్ల, తండా పిల్ల, కొండ మీది పిల్ల ఒకే జట్టులో పడ్డారు. గీత తొక్కిందో లేదో చెప్పే పని వారానికో పిల్లకు అప్పగించాను. ఆ వారం ఆమె మాటే ఆఖరు మాట. మొదటి వారం మూతులు ముడుచుకున్నారు. మూడో వారానికి తన జట్టు పిల్ల కింద పడితే ఏ ఊరని చూడకుండా పరిగెత్తి లేపారు. ట్రంకు పెట్టెలు మళ్ళీ ఎప్పుడు కలిశాయో నేను గమనించలేదు. గొడవలు పూర్తిగా పోయాయని చెప్పను, పిల్లలున్న చోట అవి ఉంటాయి. కానీ ఇప్పుడు ఎవరితో ఎవరికి గొడవ అన్నది ఊరి పేరు చూసి చెప్పలేం.

మన సంఘం యువకులను, యువతులను నేను కోరేది ఒక్కటే. వచ్చే జాతరలో పోటీ పెట్టినప్పుడు ఊళ్ళ వారీగా కాకుండా, ఊళ్ళను కలిపి జట్లు కట్టండి. కోయ, గోండు, కొండరెడ్డి, లంబాడా, సవర, జాతాపు, ఎవరైనా సరే, ఒకే చొక్కా వేయించండి. అమ్మాయిల జట్లకు కూడా అంతే మైదానం, అంతే సమయం ఇవ్వండి. ఆట అయ్యాక అందరూ కలిసి ఒకే బంతిలో అన్నం తినండి. ఆ రోజు మైదానం పక్కన మరంగ్ గోమ్కే ఫోటో ఒకటి పెట్టి, ఆయన ఎవరో తెలియని పిల్లలకు ఈ కథ చెప్పండి.